మీటరు లేని మాటలు

పెదరేవు పురపాలక నీటి సరఫరా విభాగంలో మాటలకు మీటరు బిగించిన సంగతి మీరు పేపర్లో చదివి ఉండరు. మా ఊరి పేరు పేపర్లో పడాలంటే తుపానైనా రావాలి, మంత్రిగారైనా రావాలి. ఆ పథకం నడిచిన రోజుల్లో నేను అక్కడ అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్నాను కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఎవరి మీదా నాకు కోపం లేదు. ఉన్నా, దాన్ని వెలిబుచ్చడానికి నిర్ణీత ఫారం ఇంకా అచ్చు కాలేదు.

నేను బదిలీ మీద వెళ్లేసరికి ఊళ్లో భూమి కింద ముప్ఫై నాలుగు వాల్వులున్నాయి. ఏ వాల్వు ఎక్కడుందో, దేన్ని తిప్పితే ఏ పేటకి నీళ్లు వెళ్తాయో తెలిసిన మనిషి మాత్రం ఒక్కడే ఉన్నాడు. పేరు ఏసోబు. మొదటి గ్రేడు ఫిట్టరు, ముప్ఫై ఆరేళ్ల సర్వీసు. పాత మ్యాపు ఒకటి ఉండేదట. ఒక తుపానులో అది తడిసిందనీ, ఆరబెట్టిన చోట ఎవరో దానిమీద వడియాలు పెట్టారనీ ఆఫీసులో చెప్పుకునేవారు. ఏసోబు జూన్ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఆలోగా ముప్ఫై నాలుగు వాల్వులూ ఆయన తలలోంచి నా తలలోకి రావాలి.

అందుకు మేం ఎన్నుకున్న చోటు ఆఫీసు గేటు పక్కన కోటమ్మ టీ కొట్టు. పొద్దున్నే నీళ్లు వదిలే పని ముగించుకుని, గుమ్మడికాయంత మోకాళ్ల నొప్పి ఒకటి వెంటేసుకుని ఏసోబు అక్కడికి వచ్చేవాడు. నేను టీ చెప్పేవాణ్ని. రోజుకో వాల్వు. టీ అయ్యాక ఇద్దరం నడిచి వెళ్లి మూత తీసి చూసేవాళ్లం. ఇరవై మూడు రోజుల్లో ఇరవై మూడు వాల్వులు నేర్చుకున్నాను. ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్లలో నేర్చుకున్నది అందులో సగం ఉండదు.

"సున్నపుబట్టీల పేట వాల్వు సంగతి చెప్పలేదేం బాబాయ్?" అని ఒకరోజు అడిగాను.

"అది చివర్న చెప్తానండీ ఏఈ గారూ. అది తిక్కది. నోటితో చెప్తే చాలదు, చెయ్యి పట్టుకుని చెప్పాల" అన్నాడు ఏసోబు.

కోటమ్మ టీ వడగడుతూ తలెత్తింది. ఆమె ఇల్లు ఆ పేటలోనే. "ఎప్పుడో ఒకప్పుడు చెప్పించుకోవయ్యా సారూ. ఈయన దిగిపోయాక మా గతేంది? మా పేట బావుల్లో నీళ్లు ఉప్పు కషాయం. వాటితో టీ పెట్టానంటే రెండో రోజు నా కొట్టు మొహం చూసేవాడుండడు" అంది.

సరిగ్గా ఆ వారమే మా విభాగాధిపతి త్రివిక్రమం గారు కొండమీద మూడు రోజుల శిబిరం ముగించుకుని దిగొచ్చారు. ఉద్యోగులు ఎలా నేర్చుకుంటారు అన్నది శిబిరం విషయం. కొండెక్కేటప్పుడు ఆయన మామూలు మనిషే. దిగొచ్చాక అందరినీ హాల్లోకి పిలిచారు.

"మిత్రులారా! ఒక ఉద్యోగి తన జీవితంలో నేర్చుకునే దాంట్లో అత్యధిక భాగం తరగతి గదిలో కాదు, తోటి ఉద్యోగులతో సంభాషణల్లోనే నేర్చుకుంటాడని శిబిరంలో నిర్ద్వంద్వంగా తేలింది. మరి మన విభాగంలో ఆ సంభాషణలు ఎక్కడ జరుగుతున్నాయి? గేటు బయట! టీ కొట్టు దగ్గర! ఊరికి వదిలే నీళ్లలో మూడో వంతు లీకైపోతోందని మనల్ని అందరూ తప్పుపడతారు. ఇక్కడ జ్ఞానం నూటికి నూరుపాళ్లూ లీకైపోతుంటే అడిగే నాథుడు లేడు. మీటరు లేకుండా ఒక్క చుక్క నీరు వదలని మనం, మీటరు లేకుండా మాటలెలా వదులుతాం?"

చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. మన పని తీరును పైవాళ్లు గుర్తించారని మొదట నిజంగానే సంతోషించాను.

మర్నాడు 'సహోద్యోగి సంభాషణాభ్యసన పథకం' పేరుతో సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట ఉద్యోగ విషయాలపై ఏ సంభాషణైనా సంభాషణ మందిరంలోనే జరగాలి. మంగళ, శుక్రవారాల్లో మధ్యాహ్నం మూడింటికి మాటలు వదలబడును, మూడూ ఇరవై రెండుకి ఆపబడును. సంభాషణకు ముందు ఫారం, తర్వాత ఫారం. గేటు కాపలావాడు టీ కొట్టు మీద ఓ కన్నేసి ఉంచాలి. గేటు బయట మాట్లాడి నేర్చుకున్న జ్ఞానం అక్రమ కనెక్షనుగా పరిగణించబడుతుంది. అలాంటిది దొరికితే తొలగించే అధికారం విభాగానికి ఉంటుంది. మనిషి తలలోంచి ఎలా తొలగిస్తారో సర్క్యులర్‌లో లేదు.

సంభాషణ మందిరమంటే బ్లీచింగ్ పౌడర్ నిల్వచేసే గది. బస్తాలు తీసేశారుగానీ ఘాటు తియ్యలేకపోయారు. లోపలికి వెళ్లిన నిమిషంలోనే కళ్లలోంచి ధారలు. అలా ఉండగా తీసిన ఫొటోలు పైకి వెళ్లాయి. సిబ్బంది పరస్పరం ఇంతగా హృదయాలు విప్పుకున్న విభాగం మరొకటి లేదని పైనుంచి అభినందన వచ్చింది.

పథకానికి సంభాషణాధికారిగా హైమవతి గారిని వేశారు. ఆమె అంతకుముందు పదకొండేళ్లు జనన మరణాల రిజిస్ట్రేషన్‌లో పనిచేశారు. చాలా నెమ్మదస్తురాలు, ఎవరినీ ఒక్క మాట అనేవారు కాదు. "రిజిస్టరు కాని మాట పుట్టనట్టే లెక్కండీ" అని మాత్రం అనేవారు.

నేను మొదటి మంగళవారమే ఏసోబుతో సంభాషణకు ఫారం నింపి ఇచ్చాను. ఆమె చదివి, కళ్లద్దాలు సవరించుకుని వెనక్కిచ్చారు.

"కుదరదండీ పానకాలరావు గారూ. సహోద్యోగి అంటే సమాన హోదా గల ఉద్యోగి అని నిర్వచనం. మీరు అసిస్టెంట్ ఇంజనీరు, ఆయన ఫిట్టరు. మీ ఇద్దరి మధ్య ఆదేశం ఉండొచ్చు, విన్నపం ఉండొచ్చు. సంభాషణ ఉండదు."

"ఆయన దగ్గర నేను నేర్చుకోవాల్సిన వాల్వులు పదకొండున్నాయి మేడం."

"మీరు మీ సహోద్యోగుల దగ్గర నేర్చుకోవచ్చు కదండీ."

నా హోదాలో ఉన్న సహోద్యోగి సోమయాజులు ఒక్కరే. ట్యాంకర్ల విభాగం చూస్తారు. శుక్రవారం మూడింటికి ఇద్దరం మందిరంలో కూర్చున్నాం. 'ఈ సంభాషణకు ముందు మీకు తెలియనిది ఏమిటి?' అని ఫారంలో ఉంది.

"నాకు వాల్వుల గురించి తెలీదండీ" అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

"నాకూ తెలీదండీ" అన్నారు ఆయన ముక్కు చీదుతూ.

ఇంకా ఇరవై ఒక్క నిమిషాలు ఉన్నాయి. పెసరట్టు గురించి మాట్లాడుకుందామంటే అది ఉద్యోగ విషయం కాదు. నేల మీద బస్తాల మరకలు లెక్కపెడుతూ కూర్చున్నాం. 'ఇద్దరు అధికారులు ఒకే విషయంపై పూర్తి ఏకాభిప్రాయానికి వచ్చిన తొలి సంభాషణ' అని మాకు 'అత్యుత్తమం' ముద్ర పడింది.

ఇక ఏసోబు. మొదటి గ్రేడు ఫిట్టరు పోస్టులు ఎప్పుడో రద్దయ్యాయి. రిటైరైనవాళ్ల స్థానంలో కాంట్రాక్టు మనుషులే తప్ప కొత్తవాళ్లని వెయ్యలేదు. ఆ హోదాలో మిగిలింది ఆయనొక్కడే. రిటైరయ్యేలోగా ప్రతి ఉద్యోగీ పదహారు సంభాషణలు పూర్తి చెయ్యాలని రూలు. ఈ చిక్కుముడిని విభాగాధిపతి గారు ఒక్క నోట్‌తో విప్పేశారు: 'సమాన హోదా గల ఉద్యోగి మరొకరు లేనందున, సదరు ఉద్యోగికి సదరు ఉద్యోగియే సహోద్యోగి.'

మందిరంలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశారు. ఒకదానిమీద 'చెప్పేవారు', రెండోదానిమీద 'వినేవారు' అని రాసి అంటించారు. ఏసోబు మోకాళ్లు పట్టుకుని ఈ కుర్చీలోంచి ఆ కుర్చీలోకి మారుతూ మాట్లాడాలి. నేను బయట, వెనక కిటికీ దగ్గర నిలబడ్డాను. తప్పే. ఇంకో దారి కనపడలేదు.

"ఏం ఏసోబూ, సున్నపుబట్టీల పేట వాల్వు ఎటు తిప్పాలో తెలుసా?" అన్నాడు మొదటి కుర్చీలోంచి. లేచి, రెండో కుర్చీలో కూర్చున్నాడు. "తెలవకేం? నేనే గదా బిగించింది."

హైమవతి గారు కలం ఆపారు. "అలా కాదండీ. తెలిసిన విషయం వింటే అది అభ్యసనం అవదు. వినేవారి కుర్చీలో ఉన్నప్పుడు మీకు తెలియకూడదు."

"తెలుసు గదమ్మా మరి."

"ప్రయత్నించండి."

ఏసోబు మోకాళ్లు పట్టుకుని వినేవారి కుర్చీలో సర్దుకున్నాడు. ముప్ఫై ఆరేళ్లు ఆ ఊరికి నీళ్లు తాపిన మనిషి. "తెలవదు" అన్నాడు చివరికి, చాలా చిన్న గొంతుతో. తర్వాత ఆయన కుర్చీ మారి అసలు విషయం చెప్పాడు. ఊళ్లో వాల్వులన్నీ ఎడమకి తిప్పితే తెరుచుకుంటాయి. పేట వాల్వు ఒక్కటే కుడికి తెరుచుకుంటుంది. తుపానప్పుడు పాతది పాడైతే, మూతపడిన జనపనార మిల్లులో వాల్వు ఊడదీసుకొచ్చి బిగించారు. దాని మరలు తిరగబడి ఉంటాయి. మూసి ఉన్నప్పుడు ఎడమకి బలవంతంగా తిప్పితే లోపలి కాడ విరిగిపోతుంది.

ఫారం మీద ఇద్దరి సంతకాలూ కావాలి. ఏసోబు రెండు చోట్లా పెట్టాడు. రెండు సంతకాలూ ఒకే చేతివ్రాతలో ఉండటం అనుమానాస్పదంగా ఉందని హైమవతి గారు ఒప్పుకోలేదు. వినేవారి చోట వేలిముద్ర వేయించారు. ఆ ముద్ర ఆరబెట్టడానికని కిటికీ దగ్గరికి వచ్చి నన్ను చూశారు. సాయంత్రానికి కిటికీకి ఇటుకలు కట్టించారు.

వారం తర్వాత రిజిస్టరులో చూద్దును కదా, ఏసోబు చెప్పిన 'కుడి' మీద ఎర్రసిరాతో గీత, పైన 'ఎడమ' అని ఉంది. కింద అభ్యసన నాణ్యతా సంఘం నోట్: 'ముప్ఫై మూడు వాల్వులు ఎడమకు తెరుచుకొనుచుండగా ఒక్కటి కుడికి తెరుచుకొనుట సంఖ్యాపరంగా సమర్థనీయం కానందున లిఖితదోషంగా భావించి సవరించడమైనది.' ఆ సంఘంలో అకౌంట్సు అధికారి, పార్కుల సూపర్నెంటు, హైమవతి గారు సభ్యులు.

పరుగున విభాగాధిపతి గారి గదికి వెళ్లాను.

"సార్, అది తప్పు సవరణండీ. ఒక్కసారి ఏసోబుని పిలిచి అడుగుదాం."

త్రివిక్రమం గారు నన్ను జాలిగా చూశారు. "అడగటానికి నేనాయనకు సహోద్యోగిని కాను. మీరూ కారు. ఆయనకు ఆయనే సహోద్యోగి. ఆయన్ని ఆయన అడిగారు, ఆయనకు ఆయన చెప్పుకున్నారు, రిజిస్టరైంది, నాణ్యత కూడా చూశారు. ఒక సంస్థ ఇంతకన్నా ఏం నేర్చుకోగలదు పానకాలరావు గారూ?"

"వాల్వు విరుగుతుంది సార్."

"ఒక్క వాల్వు పట్టుదల కోసం ఊరి మొత్తం ప్రమాణాన్ని మార్చుకుంటామా? వాల్వే ప్రమాణానికి అలవాటు పడాలి. కిటికీ సంగతి నా దృష్టికి వచ్చింది. మీకు ప్రమోషన్ ఎనిమిది నెలల్లో ఉందనుకుంటాను" అన్నారు చిరునవ్వుతో. నేను నమస్కారం పెట్టి బయటికొచ్చాను.

జూన్ ముప్ఫైన ఏసోబుకి శాలువా కప్పారు. పదహారు సంభాషణలూ ఏ ఒక్కరితోనూ విభేదం లేకుండా పూర్తి చేసినందుకు ప్రశంసాపత్రం ఇచ్చారు. శాలువా భుజాన వేసుకుని ఆయన తిన్నగా కోటమ్మ కొట్టుకి వచ్చాడు. నేనూ వెళ్లాను. గేటు కాపలావాడు చూస్తున్నా వెళ్లాను.

"ఏఈ గారూ, మెయిను పైపు అతుకు పని ఉంది గదా అని పొద్దున పేట వాల్వు నేనే మూసొచ్చా. రేపు తెరవాల. నేనొస్తానంటే, రిటైరైనోడు వాల్వు ముట్టుకుంటే కేసు పెడతామన్నారు. చెయ్యి ఇట్టా తెండి."

నా రెండు చేతులూ పట్టుకుని గాల్లో కుడివైపుకి తిప్పాడు. "ఒకటి... రెండు..." అని లెక్కపెట్టాడు. కోటమ్మ కూడా గరిటె పట్టుకుని లెక్కపెట్టింది. పదో చుట్టు దగ్గర ఆపాడు. "ఇక్కడ ఊపిరి బిగపట్టినంతసేపు ఆగాల. లోపల గాలి పోవాల. తర్వాత ఎనిమిది చుట్లు. కుడికేనండోయ్. ఎడమకి తిప్పారా, పుటుక్కున ఇరిగిపోద్ది, పేటకి చుక్క రాదు."

"కుడికే బాబాయ్" అన్నాను.

"ఇక నాకు బెంగలేదు" అన్నాడు. ఆయన ఆ మాటన్న తీరు ఇప్పటికీ గుర్తొస్తుంది. గుర్తొస్తే బాగుండదు.

మర్నాడు వాల్వు తెరవడాన్ని విభాగాధిపతి గారు 'అభ్యసన ఫల ప్రదర్శన'గా మార్చేశారు. పేటలో షామియానా వేశారు. ఆడవాళ్లు బిందెలతో బారులు తీరారు, కోటమ్మ ముందు వరసలో ఉంది. వాల్వు తిప్పే పొడవాటి ఇనప తాళంచెవికి బంతిపూల దండ చుట్టారు. హైమవతి గారు రిజిస్టరు తెరిచి గంభీరంగా చదివారు: "ఎడమకు."

త్రివిక్రమం గారు తాళంచెవి మీద చేతులు వేశారు.

"సార్, కుడికండీ!" అన్నాను. నా నోరు నన్నడక్కుండానే అంది.

త్రివిక్రమం గారు తాళంచెవి వదలకుండానే నావైపు తిరిగారు. "పానకాలరావు గారూ, ఈ విషయం మీరు ఏ తేదీన, ఏ సంభాషణలో నేర్చుకున్నారు? క్రమసంఖ్య చెప్పండి."

క్రమసంఖ్య లేదు. నేర్చుకున్నది టీ కొట్టు దగ్గర, నిన్న సాయంత్రం, ఒక ఫిట్టరు చేతిలో చెయ్యి పెట్టి. ఆ మాట చెబితే చాలు, వాల్వు మిగిలేది. ప్రమోషన్ ఎనిమిది నెలల్లో ఉంది. ఎదురుగా కోటమ్మ బిందె చంకన పెట్టుకుని నన్నే చూస్తోంది. నేను ఆవిడ వైపు చూడలేదు.

"ఏం లేదు సార్. నోరు జారింది" అన్నాను.

ఆయన ఎడమకి తిప్పారు. కదల్లేదు. "అభ్యసనానికి మొదట్లో ప్రతిఘటన సహజం" అని మైకులో చెప్పి, నలుగురు కాంట్రాక్టు మనుషుల్ని సాయం పట్టమన్నారు. అయిదుగురూ కలిసి ఒక్క ఊపు ఊపారు. భూమి లోపల పుటుక్కుమంది. షామియానా వెనక ఉన్నవాళ్లు నీళ్లొచ్చాయనుకుని చప్పట్లు కొట్టారు.

కొత్త వాల్వుకి ఇండెంటు, రోడ్డు తవ్వడానికి అనుమతి, తవ్విన రోడ్డు పూడ్చడానికి ఇంకో అనుమతి, అన్నీ కలిపి నెలన్నర పడుతుందన్నారు. పేటకి రెండ్రోజులకో ట్యాంకరు. సోమయాజులు గారే పంపుతారు, పాపం మంచివారు. ట్యాంకరు వచ్చిన రోజున మూడిళ్లకో బిందె.

విచారణ సంఘం చురుగ్గానే పనిచేసింది. వాల్వు విరగడానికి కారణం వాల్వేనని రెండో రోజే తేల్చేసింది. మూడో రోజు నాకు మెమో వచ్చింది: 'సదరు వాల్వు విరుగుట యాదృచ్ఛికము. కాని, విరుగుటకు పూర్వమే తాము "కుడికి" అని ఉచ్చరించియున్నందున, రిజిస్టరు కాని జ్ఞానమును తాము అక్రమముగా కలిగియున్నట్లు ప్రాథమికముగా కనపడుచున్నది. ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.'

రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. నిజం రాస్తే నాతోపాటు ఏసోబు మీద కూడా కేసు నడుస్తుందని హైమవతి గారు మెల్లగా చెప్పారు. నిజం రాయకపోవడానికి నాకొక మంచి కారణం దొరికింది. అది ఉన్నా లేకపోయినా నేను అదే రాసేవాణ్నని నాకు తెలుసు. 'సదరు వాల్వు ఎటు తిరుగునో నాకు నాడూ తెలియదు, నేడూ తెలియదు. ఆ విషయమై నాకు ఎవరూ, ఎన్నడూ, ఏమియు చెప్పియుండలేదు' అని రాసి సంతకం పెట్టాను.

సంజాయిషీ సంతృప్తికరంగా ఉందని జవాబు వచ్చింది. అంతేకాదు, వాల్వుల విషయంలో ముందస్తు అభిప్రాయాలు లేని అధికారినని నన్ను నాణ్యతా సంఘంలోకి కూడా తీసుకున్నారు.

ఆ కాయితం జేబులో పెట్టుకుని గేటు బయటికొచ్చాను. కోటమ్మ కొట్టు ముందు బల్లలు ఖాళీగా ఉన్నాయి. పొయ్యి వెలిగించే ఉంది. నన్ను చూసి ఒక గ్లాసు పోసింది. తాగాను. నాలుక మీద ఉప్పు తెలిసింది.

"కొత్తది వచ్చేదాకా ఎట్టాగో ఈడుస్తాంలే. ఒక్క సంగతి చెప్పయ్యా" అంది ఆవిడ. "ఎటు తిప్పాలో నీకు తెలుసు గదా?"

గేటు కాపలావాడు ఇటే చూస్తున్నాడు.

"తెలీదు కోటమ్మా" అన్నాను.

ఆవిడ నా చేతిలో గ్లాసు తీసుకుని, మిగిలిన టీ రోడ్డు మీద పారబోసింది.

"అయితే ఆయన చెప్పింది నేర్చుకుంది నేనొక్కదాన్నేనన్నమాట" అంది.